జార్జియాలో మిడ్‌టర్మ్: ఫోర్సైత్ కౌంటీ నుంచి వచ్చిన ఒక ప్రశ్నకు జవాబు

మీ ప్రశ్నను ముందు నా మాటల్లో చెప్పుకుంటాను, తేడా ఉంటే సరిదిద్దండి. అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో, ఫోర్సైత్ కౌంటీలో (కౌంటీ అంటే మన జిల్లా లాంటిది) ఉన్న కమింగ్‌లో ఇల్లు కొనుక్కుని ఆరేళ్ళయింది. పోయినేడాది సిటిజన్‌షిప్ వచ్చింది. ఈ ఏడాది, 2026 నవంబరు 3న వేయబోయేది మీ మొదటి ఓటు. ప్రెసిడెంట్ ఎన్నిక కాదు కదా, దీనికింత హడావిడి ఎందుకు, ఇక్కడ ఎవరు గెలుస్తారు, మా కౌంటీలో ఎటూ రిపబ్లికన్లే కదా, నా ఒక్క ఓటుతో తేడా ఏముంది అని అడిగారు. చివర్లో, నవంబరు నెలాఖరుకు ఒక పెళ్ళికి ఇండియా వెళ్తున్నామని మాటవరసకు రాశారు. నాకు మాత్రం ఆ మాటవరస వాక్యమే అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించింది. దాని దగ్గరికి మెల్లగా వస్తాను.

నేను అట్లాంటా చుట్టుపక్కల పాతికేళ్ళకు పైగా ఉంటున్నాను. కొన్ని ఎన్నికల్లో పోలింగ్ కేంద్రంలో కూర్చుని ఐడీలు చూసే పని చేశాను. నా ఓటు ఎటు అన్నది ఇక్కడ అనవసరం.

ముందు ఆ పేరు సంగతి. మన పత్రికలు మిడ్‌టర్మ్‌ను 'మధ్యంతర ఎన్నికలు' అని రాస్తాయి. ఆ మాట వినగానే మనకు ప్రభుత్వం పడిపోవడమో, అసెంబ్లీ రద్దు చేయడమో గుర్తొస్తుంది. ఎన్టీఆర్ సభను రద్దు చేసి 1985లో ప్రజల దగ్గరికి వెళ్ళడం మన ఇళ్ళలో పెద్దవాళ్ళకు ఇప్పటికీ కథే. ఇక్కడ అలాంటిదేమీ లేదు. ఎవరూ పడిపోలేదు, ఎవరూ రద్దు చేయలేదు. నవంబరులో మొదటి సోమవారం తర్వాత వచ్చే మంగళవారం అని తేదీ చట్టంలోనే ఉంది. అధ్యక్షుడి నాలుగేళ్ళ పదవికి సరిగ్గా మధ్యలో వస్తుంది కాబట్టి ఆ పేరు. బ్యాలెట్ మీద అధ్యక్షుడి పేరు ఉండదు గానీ, జనం ఓటు వేసేది చాలావరకు ఆయన మీద కోపంతోనో అభిమానంతోనో. అందుకే అధికారంలో ఉన్న పార్టీకి ఈ ఎన్నిక ఎప్పుడూ టెన్షనే. 2010లో ఒబామా పార్టీ ప్రతినిధుల సభలో 63 సీట్లు పోగొట్టుకుంది, 2018లో ట్రంప్ పార్టీ 40. గత వందేళ్ళలో అధ్యక్షుడి పార్టీకి ఆ సభలో సీట్లు పెరిగింది మూడుసార్లే: 1934, 1998, 2002.

ఇక జార్జియా దగ్గరికి. ఈసారి దేశమంతా ఇటు చూడటానికి కారణం సెనేటర్, అంటే దేశ పార్లమెంటు పై సభ సభ్యుడు, జాన్ ఆసాఫ్. ట్రంప్ 2024లో గెలిచిన రాష్ట్రంలో ఈ ఏడాది మళ్ళీ పోటీ చేస్తున్న డెమొక్రాట్ సెనేటర్ ఆయనొక్కడే. పైగా గవర్నర్ కుర్చీ (మన ముఖ్యమంత్రి కుర్చీ లాంటిది) ఖాళీ అవుతోంది. బ్రయన్ కెంప్ రెండు టర్ములు వరసగా చేశారు, చట్టం మూడోది వరసగా చేయనివ్వదు. 2003 నుంచి గవర్నర్ పదవి రిపబ్లికన్ల చేతిలోనే ఉంది. అంటే ఒకే కాగితం మీద ఒక పార్టీ నిలబెట్టుకోవాల్సిన సీటు, ఇంకో పార్టీ నిలబెట్టుకోవాల్సిన సీటు పక్కపక్కన ఉంటాయి.

ఎవరు గెలుస్తారు అన్న ప్రశ్నకు నేను పందెం కాయను. కానీ గెలుపు ఎక్కడ తేలుతుందో చెప్పగలను. 2020లో బైడెన్ ఇక్కడ 11,779 ఓట్లతో గెలిచారు. యాభై లక్షల ఓట్లలో అది ఎంతో మీరే లెక్క వేసుకోండి. నాలుగేళ్ళ తర్వాత ట్రంప్ దాదాపు లక్షా 15 వేలతో గెలిచారు. అదీ రెండు శాతం పైచిలుకే. ఈ రెంటి మధ్యలో వచ్చిన 2022 మిడ్‌టర్మ్ అయితే ఈ రాష్ట్రం గురించి నాకు తెలిసిన అన్ని విషయాలకన్నా ఎక్కువ చెబుతుంది.

ఆ ఏడాది ఒకే రోజు, ఒకే బ్యాలెట్ మీద గవర్నర్ పదవికి కెంప్, సెనేట్‌కు హెర్షెల్ వాకర్ రిపబ్లికన్ల తరఫున నిలబడ్డారు. వాకర్ అంటే ఇక్కడ మామూలు పేరు కాదు. యూనివర్సిటీ ఆఫ్ జార్జియా ఫుట్‌బాల్ హీరో. కెంప్‌కు 21 లక్షల పైన ఓట్లు వచ్చాయి, వాకర్‌కు 19 లక్షల చిల్లర. దాదాపు రెండు లక్షల తేడా! అవతలి వైపు చూడండి: డెమొక్రాట్ సెనేటర్ రాఫెల్ వార్నాక్‌కు వాళ్ళ గవర్నర్ అభ్యర్థి స్టేసీ ఏబ్రమ్స్ కన్నా లక్షా 30 వేలు ఎక్కువ వచ్చాయి. మనవాళ్ళు క్రాస్ ఓటింగ్ అంటారే, అదే. అసెంబ్లీకి ఒకరికి, పార్లమెంటుకు ఇంకొకరికి. ఇంతమంది గవర్నర్ దగ్గర రిపబ్లికన్‌కు గుర్తు పెట్టి, సెనేట్ వరస దగ్గర చెయ్యి మార్చారు, లేదా ఆ వరస ఖాళీగా వదిలేశారు. టీవీలో రాష్ట్రాన్ని ఎర్రగానో (రిపబ్లికన్ రంగు) నీలంగానో (డెమొక్రాట్ రంగు) మొత్తంగా పూసేస్తారు గానీ, ఈ రాష్ట్రాన్ని నడిపిస్తున్నది ఈ చెయ్యి మార్చే మనుషులే. వీళ్ళు ఎక్కువగా ఉండేది మీ చుట్టుపక్కల సబ్‌డివిజన్లలోనే.

రెండో గుంపు, అసలు రానివాళ్ళు. 2020లో ఇక్కడ 50 లక్షల మంది ఓటేశారు. 2022లో 40 లక్షలకు కాస్త తక్కువ. 2024లో మళ్ళీ 52 లక్షలు దాటింది. అంటే ప్రెసిడెంట్ పేరు ఉంటే వచ్చి, లేకపోతే రానివాళ్ళు పది లక్షల పైన ఉన్నారు. గెలుపు ఓటములు వేలల్లో తేలే చోట ఇంట్లో కూర్చునేవాళ్ళు లక్షల్లో ఉన్నారన్నమాట. రెండు పార్టీలూ మీ ఫోన్‌కు మెసేజ్‌ల మీద మెసేజ్‌లు పంపేది ఇందుకే. జార్జియాలో ఓటరుగా నమోదయ్యేటప్పుడు పార్టీ రాయించుకోరు. కాబట్టి మీరు ఎవరివారో ఎవరికీ తెలియదు, ఇద్దరూ మీ వెంట పడతారు. సెప్టెంబరు వచ్చాక ఫోన్ సైలెంట్‌లో పెట్టుకోవడమే మార్గం.

"మా కౌంటీలో ఎటూ రిపబ్లికన్లే" అన్నారు. నిజమే, కానీ సెనేటుకు, గవర్నరుకు కౌంటీ అన్నది లెక్కలోకే రాదు. ఒకప్పుడు వచ్చేది. ఇక్కడి పార్టీ ప్రైమరీల్లో ఒక్కో కౌంటీకి ఇన్ని యూనిట్లు అని ఉండేవి. పెద్ద కౌంటీకి ఆరు, మధ్యరకానికి నాలుగు, మిగతా వాటికి రెండు. అట్లాంటాలో లక్షల జనం ఉన్న ఫుల్టన్‌కు ఆరైతే, కొన్ని వేల మంది ఉన్న పల్లెటూరి కౌంటీలు మూడు కలిస్తే ఆ ఆరూ వచ్చేసేవి. 1963లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. అప్పటి నుంచి కమింగ్‌లో పడిన ఓటు, సవానాలో పడిన ఓటు ఒకటే.

దానికి తోడు మీ కౌంటీ కూడా నిలకడగా లేదు. 2012లో రిపబ్లికన్ అధ్యక్ష అభ్యర్థి రామ్నీకి ఫోర్సైత్‌లో 80 శాతం ఓట్లు. 2016లో ట్రంప్‌కు 71. 2020లో 66. గెలిచింది ప్రతిసారీ ఆ పార్టీయే, కానీ 2016కూ 2020కీ మధ్య ఆధిక్యం 47 పాయింట్ల నుంచి 33కు పడింది. లక్షా పాతిక వేల పైన ఓట్లు పడిన చోట 14 పాయింట్లంటే పదిహేడు వేల ఓట్లు దాటుతుంది. బైడెన్ రాష్ట్రం మొత్తం మీద గెలిచింది 11,779తో. ఓడిపోయే కౌంటీలో కాస్త తక్కువగా ఓడటం కూడా లెక్కే. అవతలి పార్టీకైనా అంతే. గ్విన్నెట్ కౌంటీ రిపబ్లికన్ల చేయి జారిపోయి పదేళ్ళయింది, అయినా అక్కడ ఇప్పుడు వచ్చే ప్రతి ఓటూ వాళ్ళకు అవసరమే.

ఒక పక్కమాట. 1912లో ఫోర్సైత్ నుంచి నల్లజాతి కుటుంబాలన్నిటినీ భయపెట్టి తరిమేశారు. ఆ తర్వాత దాదాపు ఎనభై ఏళ్ళు అది తెల్లవాళ్ళు మాత్రమే ఉన్న కౌంటీ. 1987 జనవరిలో అక్కడ పౌరహక్కుల ఊరేగింపు జరిగితే రాళ్ళు పడ్డాయి, వారం తిరక్కుండా వేలమందితో రెండో ఊరేగింపు జరిగింది. ఇప్పుడు అదే కౌంటీలో 2020 జనాభా లెక్కల ప్రకారం ప్రతి ఆరుగురిలో ఒకరు ఆసియా వాళ్ళు, ఉగాదికి పార్కింగ్ దొరకదు. నేను అట్లాంటా వచ్చిన కొత్తలో అటువైపు ఇల్లు చూస్తానంటే ఆఫీసులో ఒక పెద్దాయన 'ఎందుకులే' అన్నాడు. ఎందుకో చెప్పలేదు. చాలా ఏళ్ళ తర్వాత అర్థమైంది.

ఇక రనాఫ్. జార్జియా ఎన్నిక అర్థం కావాలంటే ఇది అర్థం కావాలి. మన దగ్గర అందరికన్నా ఒక ఓటు ఎక్కువ వస్తే గెలిచినట్టే. ఇక్కడ సెనేటుకైనా, గవర్నరుకైనా 50 శాతం దాటాలి. ఎవరూ దాటకపోతే మొదటి ఇద్దరి మధ్య మళ్ళీ పోటీ. ఈ మెజారిటీ పద్ధతి 1960ల్లో వచ్చింది. నల్లజాతి ఓటర్లంతా ఒకరి వెనక నిలబడి, తెల్లవాళ్ళ ఓట్లు నలుగురి మధ్య చీలిపోతే ఏమవుతుందో అన్న భయం దాని వెనక ఉంది. తర్వాత ఆ నిబంధన తెచ్చినవాళ్ళకే అడ్డం తిరగడం మొదలుపెట్టింది. 1992లో డెమొక్రాట్ సెనేటర్ వైచ్ ఫౌలర్ నవంబరులో ముందున్నారు, 50 దాటలేదు. మూడు వారాల తర్వాత రనాఫ్‌లో పాల్ కవర్‌డెల్ చేతిలో ఓడారు. దెబ్బ తిన్న డెమొక్రాట్లు, అప్పట్లో శాసనసభ వాళ్ళదే కాబట్టి, 50ని 45 చేశారు. 1996లో మాక్స్ క్లీలండ్ 48.9 శాతంతో రనాఫ్ లేకుండా సెనేటర్ అయిపోయారు. ఇది చూసి రిపబ్లికన్లు, తమ చేతికి అధికారం రాగానే, 2005లో మళ్ళీ 50కి తెచ్చారు.

దాని ఫలితం ఎవరికి తగిలిందో చూడండి. 2020 నవంబరులో రిపబ్లికన్ సెనేటర్ డేవిడ్ పర్డ్యూకు 49.7 శాతం వచ్చింది. ఆసాఫ్ కన్నా 88 వేలు ముందు. పాత 45 శాతం నిబంధన ఉండి ఉంటే ఆ రాత్రే గెలిచేవారు. సగం గీత దాటడానికి ఒక 13 వేల ఓట్లు తగ్గాయి. లిబర్టేరియన్ అనే చిన్న మూడో పార్టీ అభ్యర్థి రెండు శాతం పైన పట్టుకుపోయాడు. 2021 జనవరి 5న రనాఫ్ జరిగితే ఆసాఫ్ 55 వేలతో గెలిచారు, పక్క సీటులో వార్నాక్ గెలిచారు, అమెరికా సెనేట్ చేతులు మారింది. నిబంధనలు మనకు అనుకూలంగా మార్చుకున్నామనుకునే పెద్దమనుషులకు జార్జియా చేసినంత పరాచికం ఇంకే రాష్ట్రమూ చేయలేదు.

అక్కడితో ఆగలేదు. 2021లో కొత్త చట్టం తెచ్చి, తొమ్మిది వారాలున్న రనాఫ్ గడువును నాలుగు వారాలకు కుదించారు. 2022లో వార్నాక్‌కు నవంబరులో 49.4 శాతం వచ్చింది, డిసెంబరు 6న మళ్ళీ ఎన్నిక, అందులో దాదాపు లక్ష ఓట్లతో గెలిచారు. ఈసారి రనాఫ్ అవసరమైతే తేదీ డిసెంబరు 1. థాంక్స్‌గివింగ్ నవంబరు 26. అంటే పండగ సెలవుల నుంచి ఇంటికి వచ్చి సూట్‌కేస్ తెరిచేలోపే ఎన్నిక.

ఇప్పుడు మీ ఇండియా ప్రయాణం ఎందుకు ముఖ్యమన్నానో అర్థమై ఉంటుంది. దానికి మళ్ళీ వస్తాను, ముందు మీ కాగితాల సంగతి తేల్చాలి.

మీకు నిరుడే సిటిజన్‌షిప్ వచ్చింది కదా. మీ డ్రైవింగ్ లైసెన్స్ తీసి చూడండి. గ్రీన్‌కార్డు రోజుల్లో తీసుకున్నదైతే దాని మీద 'లిమిటెడ్ టర్మ్' అని ఉంటుంది. ఆ లైసెన్స్ రికార్డులో మీరు ఇంకా సిటిజన్ కాదు. మీరు ఓటరుగా నమోదు చేసుకుంటే ఆ పాత రికార్డుతో పోల్చి, 'పౌరసత్వం నిర్ధారణ కావాలి' అని మీ పేరు పక్కన పెడతారు. ఒకసారి నా టేబుల్ దగ్గరికి ఒక తెలుగావిడ వచ్చారు, చక్కగా పట్టుచీర కట్టుకుని, మొదటి ఓటు అని. ఇదే చిక్కు వచ్చింది. పాపం ముఖం చిన్నబోయింది. ఇంటికి వెళ్ళి అమెరికా పాస్‌పోర్టు తెచ్చుకుని ఓటేసి వెళ్ళారు గానీ, ఇల్లు దూరమైతే, ఆఫీసు మధ్యలో వచ్చి ఉంటే తిరిగి వచ్చేవారా? మీరు ఈ వారమే వెళ్ళి లైసెన్స్ మార్చుకోండి. ఓటుకు వెళ్ళేటప్పుడు ఎందుకైనా మంచిది, పాస్‌పోర్టు జేబులో పెట్టుకోండి. పేర్ల సంగతి కూడా చూసుకోండి. మన ఇంటిపేరు ఒక కాగితంలో ముందు, ఇంకో కాగితంలో వెనక, మరో దాంట్లో ఒక్క అక్షరమే ఉంటుంది. సోషల్ సెక్యూరిటీలో, లైసెన్స్‌లో, ఓటరు దరఖాస్తులో ఒకేలా ఉండాలి.

నమోదుకు ఆఖరు తేదీ అక్టోబరు 5. అయిపోయిందిలే అని వదిలేయకుండా రాష్ట్రం వాళ్ళ మై ఓటర్ పేజీలో అప్పుడప్పుడు పేరు చూసుకోండి. ఇక్కడ ఒక ఓటరు అదే కౌంటీలోని ఎంతమంది ఓట్ల మీదనైనా అభ్యంతరం పెట్టవచ్చు, 2021 చట్టం లెక్క లేదని తేల్చి చెప్పింది. ఫోర్సైత్‌లో వేల పేర్ల మీద అలా అభ్యంతరాలు వచ్చాయి. ఎక్కువగా ఇల్లు మారినవాళ్ళవి.

మీ ఇంట్లో సిటిజన్లు కానివాళ్ళు ఉంటే, గ్రీన్‌కార్డు మీద వచ్చిన అమ్మానాన్నలు, హెచ్-4 వీసా మీద ఉన్న చుట్టాలు ఎవరైనా, వాళ్ళకు గట్టిగా చెప్పండి. 2016 నుంచి లైసెన్స్ కౌంటర్‌లోనే ఓటరు నమోదు జరిగిపోయే పద్ధతి ఉంది. ఏ ప్రశ్నకు టిక్ పెడుతున్నామో చదవకుండా 'నేను సిటిజన్' అన్న గడిలో పెడితే, తెలియక చేశానన్నా వినరు. సిటిజన్‌షిప్ వచ్చే అవకాశం పోగొట్టుకోవడమే కాదు, దేశం నుంచి పంపించే దాకా పోతుంది. ఈ విషయంలో మొహమాటం వద్దు. ఇంగ్లీషు రాని పెద్దవాళ్ళు సిటిజన్లైతే మాత్రం భయపడక్కర్లేదు. తెలుగులో బ్యాలెట్ ఉండదు, కానీ తమకు నచ్చిన మనిషిని లోపలికి సాయం తీసుకువెళ్ళే హక్కు ఫెడరల్ చట్టంలోనే ఉంది. యజమానో, యూనియన్ మనిషో కాకపోతే చాలు. మీరే మీ అమ్మగారి పక్కన నిలబడి చదివి చెప్పవచ్చు. గుర్తు ఎక్కడ పెట్టాలన్నది ఆవిడ ఇష్టం.

బ్యాలెట్ రెండు పేర్లతో అయిపోదు. రాష్ట్ర శాసనసభలోని 180 సీట్లు, రాష్ట్ర సెనేట్‌లోని 56 సీట్లు అన్నిటికీ ఎన్నికే. సెక్రటరీ ఆఫ్ స్టేట్ ఉంది, అంటే రాష్ట్రంలో ఎన్నికల పని చూసే పదవి. 2021 జనవరిలో ట్రంప్ ఫోన్ చేసి '11,780 ఓట్లు' వెతకమన్నది ఆ కుర్చీలో ఉన్న బ్రాడ్ రాఫెన్స్‌పర్గర్‌నే. ఆ పదవి ఎవరిదన్నది అప్పటి నుంచి చిన్న విషయం కాదు. కానీ నా మటుకు నేను జనం పట్టించుకోని పబ్లిక్ సర్వీస్ కమిషన్ గురించి చెబుతాను. ఐదుగురు ఉంటారు, కరెంటు రేట్లు వాళ్ళే ఒప్పుకోవాలి. వోగ్‌టల్ అణు విద్యుత్ కేంద్రంలో రెండు కొత్త రియాక్టర్లు ఏళ్ళ తరబడి ఆలస్యమై, ఖర్చు 30 బిలియన్ డాలర్లు దాటి, ఆ భారం మన బిల్లుల్లోకి వచ్చింది. 2025 నవంబరులో ఆ కమిషన్‌లో రెండు సీట్లకు ఎన్నిక జరిగితే డెమొక్రాట్లు 60 శాతానికి పైగా ఓట్లతో గెలిచారు. రాష్ట్రమంతా ఓటేసి ఎన్నుకునే రాష్ట్ర ప్రభుత్వ పదవి 2006 తర్వాత వాళ్ళకు దక్కడం అదే మొదటిసారి. దీన్ని పట్టుకుని నవంబరులో గాలి అటే అని తీర్మానించేవాళ్ళున్నారు. నేను అంత దూరం పోను. ఓటేసినవాళ్ళు తక్కువ, అట్లాంటాలో మేయర్ ఎన్నిక కూడా అదే రోజు ఉండటంతో అక్కడి జనం ఎక్కువ వచ్చారు. కానీ కరెంటు బిల్లు చూసి చెయ్యి మార్చినవాళ్ళు మా వీధిలోనే నాకు తెలుసు.

నా అంచనా అడిగితే ఇంతే: సెనేటు, గవర్నరు రెండూ ఒకే పార్టీకి పోతాయని రాసిపెట్టుకోకండి. లిబర్టేరియన్ అభ్యర్థికి రెండు శాతం వచ్చినా రనాఫ్ తలుపు తెరుచుకుంటుంది.

ఇక మీ ప్రయాణం. నవంబరు ఓటుకు ఇబ్బంది లేదు. ముందస్తు ఓటింగ్ అక్టోబరు మధ్యలో మొదలై, ఎన్నిక ముందు శుక్రవారం అక్టోబరు 30 దాకా ఉంటుంది. అప్పుడు కౌంటీలోని ఏ కేంద్రానికైనా వెళ్ళవచ్చు. నవంబరు 3న అయితే మీకు కేటాయించిన కేంద్రానికే వెళ్ళాలి, ఉదయం 7 నుంచి సాయంత్రం 7 వరకు. ఆఫీసు ఉన్న రోజు ఆ లైను పెట్టుకోకండి, అక్టోబరులో ఒక మధ్యాహ్నం వెళ్ళి వేసేయండి.

చిక్కంతా రనాఫ్ వస్తేనే. పోస్టు ద్వారా వేయాలంటే దరఖాస్తు ఎన్నికకు 11 రోజుల ముందే చేరాలి. డిసెంబరు 1కి అది నవంబరు 20. నవంబరు ఎన్నికకు పెట్టిన దరఖాస్తు దీనికి పనికిరాదు, మళ్ళీ పెట్టాలి. 65 నిండినవాళ్ళు ఒకసారి పెట్టి ఏడాదంతా అడిగే వీలుంది, మీ నాన్నగారు సిటిజన్ అయితే ఆయనకు చెప్పండి. బ్యాలెట్ అచ్చయి, పోస్టులో మీ ఇంటికి వచ్చి, మీరు నింపి పంపితే, అది డిసెంబరు 1 సాయంత్రం 7 లోపు కౌంటీ ఆఫీసుకు చేరాలి. అప్పటికి మీరు హైదరాబాదులో ఉంటారు, బ్యాలెట్ కమింగ్‌లో మీ పోస్టు డబ్బాలో ఉంటుంది. హైదరాబాదులోనే కాపురం ఉంటున్న అమెరికా సిటిజన్లకు వేరే ఏర్పాటు ఉంది. నవంబరు బ్యాలెట్‌తో పాటే రనాఫ్ బ్యాలెట్ కూడా పంపుతారు, అందులో అభ్యర్థులకు ఒకటి, రెండు, మూడు అని వరస నంబర్లు వేసి పంపేస్తే సరిపోతుంది. అది పెళ్ళికి వెళ్ళి వచ్చేవాళ్ళ కోసం పెట్టినది కాదు.

ముహూర్తం మీ చేతిలో లేకపోతే చేసేదేమీ లేదు. ఉంటే, ఇంకా టికెట్లు కొనకపోతే, డిసెంబరు 2 నుంచి వెతకండి.